‘ప్రేమాభిమానములచేత’ అని టైపు చేసిన ప్రతిసారీ లియర్ రాజే గుర్తొస్తాడు

ఎడిటర్ గారికి నమస్కారాలండీ.

రెండు వారాల కిందట మీ పేపర్లో ఒక పాఠకుడి ఉత్తరం చదివాను. పాత విషాద నాటకాలు ఇప్పటి వాళ్ళకి ఎందుకు, అవన్నీ రాజుల ఏడుపులూ రాణుల ఏడుపులూ, ఇప్పటి ఇళ్ళల్లో గొడవలు ఫోన్ల వల్లా ఈఎంఐల వల్లా ఈగోల వల్లా వస్తున్నాయి, వాటికి కౌన్సెలింగ్ కావాలి గానీ కాటి సీను పద్యాలు కాదు అని ఆయన గట్టిగానే రాశారు. ఆయన మీద నాకేం కోపం లేదు, కౌన్సెలింగ్ వద్దని కూడా అనను. కానీ చదివిన దగ్గర్నించీ మనసు ఊరుకోవట్లేదు, ఎందుకంటే నేను విజయనగరంలో ఇరవై ఆరేళ్ళుగా డాక్యుమెంట్ రైటర్ని, నా టేబుల్ ఎదురు కుర్చీలో నెలకి ఒకసారైనా కింగ్ లియర్ వచ్చి కూర్చుంటాడు.

నవ్వకండి, చెప్తాను. పిల్లలకి ఆస్తి రాసిచ్చేటప్పుడు సెటిల్మెంటు దస్తావేజు అని రాస్తాం. అమ్మకం అయితే ఇంత సొమ్ము ముట్టింది అని రాయాలి కదా, ఇందులో సొమ్ము ఉండదు, దాని బదులు ‘మీయందు నాకు గల ప్రేమాభిమానములచేత’ అని రాస్తాం. నా కంప్యూటర్లో ఆ ముక్క ఎప్పుడూ రెడీగా ఉంటుంది, పేర్లూ సర్వే నెంబర్లూ మార్చుకోవడమే పని. షేక్‌స్పియర్ 1606 ప్రాంతంలో రాసిన ‘కింగ్ లియర్’ నాటకంలో మొదటి సీనంతా ఈ ఒక్క ముక్క మీదే నడుస్తుంది. ఎనభై దాటిన రాజు, ముగ్గురు కూతుళ్ళు, రాజ్యం పంచేసి నిశ్చింతగా ఉందామనుకుంటాడు, ఊరికే పంచొచ్చు కదా, పంచడు. నామీద ఎవరికి ఎంత ప్రేమో చెప్పండి, దాన్ని బట్టి వాటా అంటాడు. పెద్దమ్మాయిలిద్దరూ కంటిచూపు కంటే ఎక్కువని ఒకత్తీ, నువ్వు తప్ప నాకు వేరే సంతోషమే లేదని ఇంకొకత్తీ చెప్పి వాటాలు పట్టుకుపోతారు. చిన్నది కార్డీలియా దగ్గరకొచ్చేసరికి చెప్పడానికి ఏమీ లేదంటుంది. ఆ ‘ఏమీ లేదు’కే ముసలాయనకి ఒళ్ళు మండిపోయి ఆ పిల్లని కట్నం కూడా లేకుండా తోలేస్తాడు.

పోయినేడాది ఎండాకాలంలో జూట్ మిల్లులో చేసి మానేసిన ఒక ముసలాయన వచ్చాడు, ఇద్దరు కొడుకులూ ఒక కూతురూ కూడా వచ్చారు. ఊరూ పేరూ ఎందుకు లెండి. ఎకరం ఇరవై సెంట్ల పొలం, రెండు గదుల పెంకుటిల్లు, అంతా కొడుకులిద్దరికీ రాసేయమన్నాడు. పెద్దోడు తండ్రికి కూల్‌డ్రింక్ మూత తీసి మరీ ఇచ్చాడు, చిన్నోడు ఫ్యాను ఆయన వైపు తిప్పాడు. కూతురు మాత్రం గొడుగు మడిచి పట్టుకుని గుమ్మం దగ్గరే నిలబడింది. నేను దస్తావేజు చదివి వినిపించాక ఆవిడ ఒక్కటే అడిగింది.

‘అయితే మా అయ్య ఎక్కడ తొంగుంటాడో అది కూడా ఇందులో రాసినారా బావూ?’

అంతే, పెద్దోడి మొహం మాడిపోయింది. ‘ఏటే, అయ్యని వీధిలోకి ఒగ్గేస్తామేటి మేము?’ అని లేచాడు. తమాషా ఏంటంటే ముసలాయన కూడా కూతురి మీదే కేకలేశాడు, మంచి పని జరిగేటప్పుడు ఆ మాటలేటి అని. నేనుండబట్టలేక, తాతా, నీ జీవితాంతం ఇంట్లో నువ్వే ఉండేలా రెండు లైన్లు వేస్తాను అన్నాను. ‘నా కొడుకుల కాడ నాను కాయితం రాయించుకోవాలేటి?’ అన్నాడు. సరే, ఆయన ఆస్తి ఆయనిష్టం, ప్రేమాభిమానములచేత అని ప్రింటు తీసి ఇచ్చేశాను.

సంక్రాంతి ముందు మళ్ళీ వచ్చాడు, ఈసారి ఒక్కడే. ముందు గదిలో మంచం ఉండేదట, మనవడికి చదువుకోవడానికి గది కావాలని వరండాలోకి మార్చారు, వరండాలో బైకులు పెట్టుకోవాలని పెరట్లో పాత పశువుల సాలలోకి మార్చారు. ఎవరూ తిట్టలేదు, కొట్టలేదు, ఒక్కో మార్పుకీ ఒక్కో కారణం ఉంది, విడివిడిగా చూస్తే అన్నీ సబబుగానే ఉన్నాయి. లియర్ రాజు కథ అచ్చం ఇదే. నాకు వందమంది భటులుంటే చాలు అని షరతు పెట్టుకుంటాడు, పెద్ద కూతురు యాభైకి దించుతుంది, రెండోది ఇరవై అయిదు చాలంటుంది, తర్వాత పది ఎందుకు అయిదు ఎందుకు, చివరికి ఒక్కడు మాత్రం నీకెందుకు అంటారు. అప్పుడాయన అవసరం లెక్కలు నాతో మాట్లాడకండి అని గింజుకుంటాడు చూడండి, ముష్టివాడి దగ్గర కూడా అవసరానికి మించింది ఏదో ఒకటి ఉంటుంది అంటాడు. కాలేజీలో చదివినప్పుడు ఆ మాట నాకు అంతగా ఎక్కలేదు. ఆ ముసలాయన, ‘సాలలో గాలి బాగానే ఉన్నాది బావూ, గానీ గోడకి మా ఆడదాని ఫొటో తగిలించడానికి మేకు లేదు’ అన్నప్పుడు ఎక్కింది.

ఆయనకి నేను చెప్పవలసింది చెప్పాను. 2007లో వచ్చిన తల్లిదండ్రుల పోషణ చట్టంలో 23వ సెక్షన్ ఉంది, చూసుకుంటామనే షరతు మీద ఆస్తి రాయించుకుని చూసుకోకపోతే ఆ దస్తావేజు చెల్లదని ఆర్డీవో గారి ట్రిబ్యునల్లో అడగొచ్చు, అందుకే ఆ షరతు కాయితంలో ఉండాలని నేను అందరికీ మొత్తుకుంటాను. పాపం లియర్‌కి ఆర్డీవో లేడు. మా ముసలాయనకి ఉన్నా వెళ్ళలేదు. ‘ఆర్డీవో గారు సెప్తే మా కోడలు నాకు కూడెడతాదేటి, ఎట్టినా ఎలగెడతాదో నాకు తెల్దేటి’ అని లేచిపోయాడు. ఇప్పుడు కూతురి దగ్గరే ఉంటున్నాడని విన్నాను. గొడుగు పట్టుకుని నిలబడ్డావిడ దగ్గరే.

మరి ఇది రాజుల కథా, ఫోన్ల కథా, ఆ ఉత్తరం రాసినాయన చెప్పాలి.

ఇంకో సంగతుంది. నాటకంలో లియర్ చివరికి చచ్చిపోయిన కార్డీలియాని చేతుల్లో ఎత్తుకుని వస్తాడు. ఈ ముగింపు వాళ్ళ ఊళ్ళో జనానికే మింగుడుపడలేదు. 1681లో నహూం టేట్ అనే ఆయన కథ మార్చేసి, కార్డీలియా బతికినట్టు, పెళ్ళి కూడా అయినట్టు, ముసలాయనకి రాజ్యం తిరిగొచ్చినట్టు రాస్తే నూట యాభై ఏళ్ళు స్టేజీ మీద అదే ఆడింది, 1838లో గానీ అసలు ముగింపు సరిగ్గా తిరిగి రాలేదు. మనమూ తక్కువేం కాదు, నాటకం అయ్యాక మంగళం పాడందే మనకి నిద్రపట్టదు. హరిశ్చంద్ర ఆఖర్లో లోహితుడు లేచి కూర్చుంటాడు, సారంగధరుడికి నరికేసిన కాళ్ళూ చేతులూ సిద్ధుడి దయ వల్ల మళ్ళీ మొలుస్తాయి. బళ్ళారి ధర్మవరం రామకృష్ణమాచార్యులు గారు అదే కథని మంగళం లేకుండా ‘విషాద సారంగధర’ అని రాశారు, తెలుగులో తొలి విషాదాంత నాటకం అని దాన్నే అంటారు. విషాదం అంటే తెల్లోడి సరుకు అనేవాళ్ళకి ఇంకో మాట. సంస్కృతంలో భాసుడి ‘ఊరుభంగం’లో తొడలు విరిగి పడున్న దుర్యోధనుడి దగ్గరకి చిన్న కొడుకు దుర్జయుడు వచ్చి ఒళ్ళో కూర్చుంటానంటాడు, ఆ తండ్రి వద్దురా అని ఆపాలి. స్టేజీ మీద చావు చూపించకూడదని శాస్త్రం ఉన్న భాషలో ఆయన స్టేజీ మీదే చనిపోతాడు. దుర్యోధనుడి మీద నాకున్న కోపమంతా ఆ ఒక్క చోట పోయింది.

మంగళం ఉన్న ముగింపు బాగుంటుందా లేనిది బాగుంటుందా అంటే నాకు మా అమ్మ గుర్తొస్తుంది. మా ఊళ్ళో అమ్మవారి సంబరాలకి రాత్రంతా నాటకం వేసేవారు, హార్మోనీ ఆయన పక్క ఊరి నుంచి వచ్చేవాడు, పద్యానికి పద్యానికీ వన్స్‌మోర్ కేకలు. నాకు ఎనిమిదేళ్ళప్పుడు లోహితుడి వేషం ఇచ్చారు, డైలాగులు తక్కువ, పాము కరిచాక పడుకోవడమే ఎక్కువ. కాటి సీన్లో చంద్రమతి నన్ను ఒళ్ళో వేసుకుని పద్యాలు పాడుతుంటే ముక్కు మీద దోమ వాలింది, కదలకూడదు, కన్ను కొంచెం తెరిచి చూస్తే ముందు వరసలో చాప మీద మా అమ్మ వెక్కివెక్కి ఏడుస్తోంది. గంట కిందటే నాకు అరడజను గారెలు తినిపించింది, నేను చావలేదని ఆవిడకి తెలీదా? మర్నాడు అడిగితే ‘నీ గురించి కాదురా’ అంది, ఇంకేం చెప్పలేదు. నాకంటే ముందు పుట్టి పోయిన మగపిల్లాడు ఒకడున్నాడని పెద్దయ్యాక మా పెద్దమ్మ చెప్పింది, ఇంట్లో వాడి ఊసెత్తడం మా నాన్నకి ఇష్టం ఉండేది కాదట. ఏడాదికి ఒక్క రాత్రి, ఊరంతా ఏడుస్తున్నప్పుడు, ఎవరూ ఎందుకని అడగని చోట ఆవిడ ఏడ్చేది. లోహితుడు లేచి కూర్చునే సీను దాకా మాత్రం మా అమ్మ ఏనాడూ ఉండేది కాదు, చాప చుట్టుకుని ఇంటికెళ్ళిపోయేది.

కౌన్సెలింగ్ అంటే గుర్తొచ్చింది, రెండు వేల మూడొందల ఏళ్ళ కిందట అరిస్టాటిల్ అనే ఆయన విషాద నాటకం మనలో జాలినీ భయాన్నీ కదిపి కడిగేస్తుందని రాశాడు, మా బీఏ లెక్చరర్ దాన్ని మూడు క్లాసులు చెప్పారు, నాకు మాత్రం మా అమ్మ చాప చుట్టడమే అర్థమైంది.

సారంగధరుడి కథకి మన ఊరితో ఒక లింకుంది, చాలామందికి తెలీదు. గురజాడ అప్పారావు గారు ఇరవై ఒక్క ఏళ్ళప్పుడు, 1883లో, ఇంగ్లీషులో ‘సారంగధర’ అని పెద్ద పద్యం రాశారు. అది చూసిన కలకత్తా ఎడిటర్ శంభుచంద్ర ముఖర్జీ గారు, బాగుంది గానీ నీ భాషలో రాయవయ్యా అని ప్రోత్సహించారట. తర్వాత 1892లో ‘కన్యాశుల్కం’ మన విజయనగరంలోనే స్టేజీ ఎక్కింది, అది మీకందరికీ తెలిసిందే. నాకొక అనుమానం, ఇది పండితుల మాట కాదు, నా సొంతం: సారంగధర కథలో మనం సవతి తల్లి చిత్రాంగినే తిడతాం గానీ, కొన్ని కథల్లో కొడుక్కని చూసిన పిల్లని తండ్రే చేసుకుంటాడు, ముసలి మొగుడూ పసి పెళ్ళామూ అన్న ఆ ముల్లే కన్యాశుల్కంలో ముసలి పెళ్ళికొడుకు లుబ్ధావధాన్లు దాకా వచ్చి గుచ్చుకుందేమో. అక్కడ మారువేషం వేసి పెళ్ళి తప్పించేవాళ్ళు ఉంటారు కాబట్టి నవ్వుకుంటాం. సారంగధరుడికి ఆ అదృష్టం లేదు. పావురం వెనకాల వెళ్తాడు, సవతి తల్లి మేడలో అడుగుపెడతాడు, ఆవిడ కోరింది కాదంటాడు, ఆవిడ నేరం మోపుతుంది, రాజు నరకమంటాడు. కొడుకుని పిలిచి కూర్చోబెట్టి ఏం జరిగిందిరా అని అడగడం మాత్రం ఉండదు.

ఇదే కథ గ్రీకులో యూరిపిడీస్ రాశాడు, ‘హిప్పాలిటస్’, క్రీస్తు పూర్వం 428లో. అక్కడ సవతి తల్లి ఫెడ్రా చెడ్డది కాదు, ఆ కోరికతో తిండి మానేసి కొట్టుకుచస్తుంది, నాకు మన చిత్రాంగి కంటే ఆవిడే నచ్చింది. చివరికి ఉరేసుకుంటుంది, చేతికి ఒక రాత పలక వేలాడుతూ ఉంటుంది, నీ కొడుకే నన్ను పాడుచేశాడు అని. తండ్రి థీసియస్ ఆ పలక చదివి అక్కడికక్కడే కొడుకుని శపించేస్తాడు. కొడుకు నిజం చెప్పలేడు, ఎవరికీ చెప్పనని దాదికి ముందే ఒట్టేశాడు. సముద్రంలోంచి ఎద్దొచ్చి రథం గుర్రాలు బెదిరి వాడు ఈడ్చుకుపోబడ్డాక గానీ తండ్రికి నిజం తెలీదు.

ఇక్కడ నా తప్పు చెప్పుకోవాలి, లేకపోతే ఇంతసేపూ ఊళ్ళో వాళ్ళ మీద చెప్పినట్టుంటుంది. కొన్నేళ్ళ కిందట మా చుట్టాల్లో ఒకాయన నాకొక స్క్రీన్‌షాట్ పంపాడు. మా తమ్ముడు ఆయనకి పెట్టిన మెసేజ్, ‘పాసుపుస్తకం నా దగ్గరే ఉంది, అన్నయ్యకి మాత్రం చెప్పకు’ అని. పైన కత్తిరించేసి ఉంది, కింద కత్తిరించేసి ఉంది. రోజుకి పది దస్తావేజులు, హద్దులతో సహా రెండేసి సార్లు చదివి గానీ సంతకం పెట్టనివ్వని నేను, ఆ పైన ఏముందిరా అని ఒక్క ఫోన్ చెయ్యలేదు. నాన్న పొలం కాజేస్తున్నాడని ఫిక్సైపోయి నెంబరు బ్లాక్ చేశాను. మూడేళ్ళు. వాడి కూతురి ఓణీల ఫంక్షన్‌కి వెళ్ళలేదు, మా ఆవిడ ఒక్కతే వెళ్ళి పిల్లకి చీర పెట్టి వచ్చింది, ఆ ఫొటోలు కూడా నాకు చూపించకుండా దాచుకుంది. నాన్న పోయినప్పుడు ఇద్దరం పక్కపక్కనే నిలబడి మాట్లాడుకోలేదు, బ్రాహ్మడు చెప్పింది చెప్పినట్టు చేసి ఎటువాళ్ళం అటు వచ్చేశాం.

పెద్దకర్మ అయ్యాక నాన్న ట్రంకు పెట్టె తీస్తే అడుగున ఒక చీటీ దొరికింది. మా అమ్మాయి ఇంజనీరింగ్ ఫీజుకి నాన్న నాకిచ్చిన డబ్బు ధాన్యం డబ్బని చెప్పాడు, నేను నమ్మాను. అది పాసుపుస్తకం పెట్టి వడ్డీకి తెచ్చింది. తర్వాత అసలూ వడ్డీ మొత్తం కట్టి పుస్తకం విడిపించింది మా తమ్ముడు, మరదలి గాజులు అమ్మి. నాకు చెప్పొద్దని నాన్న వాడి దగ్గర మాట తీసుకున్నాడట. అదీ ఒట్టు కథే, చూశారా.

చీటీ పట్టుకుని ఆ రాత్రి వాడికి ఫోన్ చేశాను. హలో అన్నాడు, నాకు గొంతు పెగల్లేదు. ‘ఏటన్నయ్యా, ఒంట్లో బాలేదా?’ అన్నాడు. మూడేళ్ళ తర్వాత వాడు అడిగిన మొదటి మాట అది. గ్రీకు నాటకంలో చావుబతుకుల్లో ఉన్న కొడుకు తండ్రిని క్షమించి పోతాడు, మా తమ్ముడు బతికే ఉన్నాడు, నాకు దొరికిన ఎక్స్‌ట్రా అదొక్కటే.

కాబట్టి ఎడిటర్ గారూ, ఫోన్ల వల్ల గొడవలొస్తున్నాయి అని ఆ పాఠకుడు రాసింది తప్పు కాదు, కానీ పలక అయితే ఏంటి స్క్రీన్‌షాట్ అయితే ఏంటి, ఆ నాటకం ఇరవై ఏళ్ళప్పుడే చదివి మార్కులు కూడా తెచ్చుకున్న నేనే అడగాల్సింది అడగలేదు. అంటే నాటకం చదివితే మనుషులు బాగుపడిపోతారని నేను అనట్లేదు. నేను చేసినదాన్ని తర్వాత చూసుకోవడానికి ఒక అద్దం ఉండింది, అంతే. కౌన్సెలర్ దగ్గరకెళ్తే తమ్ముడి గురించే చెప్పుకునేవాణ్ణి, థీసియస్ దగ్గర నా మొహమే కనపడింది.

అద్దం ప్రతిసారీ అచ్చంగా అతకదు లెండి, అది కూడా ఒప్పుకోవాలి. మా అక్కావాళ్ళది ఉద్దానం, శ్రీకాకుళం జిల్లా. మేనల్లుడు తనకి నచ్చిన పిల్లని చేసుకుంటానంటే మా బావ రెండేళ్ళు ఇంట్లోకి రానివ్వలేదు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను కొట్టినప్పుడు బియ్యం, కొవ్వొత్తులు పట్టుకుని వెళ్ళాను. సోఫొక్లిస్ ‘యాంటిగొని’లో హీమన్ అనే కుర్రాడు రాజైన తండ్రితో, వరదలో వంగిన చెట్టుకి కొమ్మలు మిగులుతాయి, బిగుసుకున్న చెట్టు వేళ్ళతో సహా పోతుంది, కొంచెం వంగు నాన్నా అంటాడు. దారంతా ఆ మాట బావతో ఎలా చెప్పాలా అని ప్రాక్టీసు చేసుకుంటూ వెళ్ళాను. తీరా వెళ్తే కొబ్బరిచెట్లు, జీడిచెట్లు, పనసచెట్లు, వంగినవీ పడ్డాయి వంగనివీ పడ్డాయి, ఇరవై ఏళ్ళ తోట పడుకుని ఉంది. ఏం చెప్తాను? చెప్పలేదు. బావ పడిపోయిన కొబ్బరిచెట్టు మీద కూర్చుని, ‘ఆ గుంటడు రాత్రే వచ్చినాడు, పైకప్పు రేకులు వాడే కట్టినాడు, ఆ పిల్ల కూడా వచ్చినాది’ అన్నాడు. అంతకుమించి ఇద్దరం ఏం మాట్లాడుకోలేదు.

నాదొక్క రిక్వెస్టు. మీ జిల్లా పేజీలో సినిమా టైమింగులు వేసినట్టే ఏ ఊరి సంబరానికి ఏ రాత్రి ఏ నాటకం వేస్తున్నారో ఒక మూలన వెయ్యండి, చిన్న అక్షరాలైనా పర్లేదు. ఆ ఉత్తరం రాసినాయన వస్తానంటే పక్కన చాప మీద చోటుంచుతాను. పైడితల్లమ్మ సిరిమానుకి మా తమ్ముడు చెన్నై నుంచి వస్తున్నాడు, పండగైన మూడో రోజు పక్క ఊళ్ళో హరిశ్చంద్ర ఉందట, ఇద్దరం వెళ్దామనుకున్నాం. లోహితుడు లేచేదాకా ఉందామా, అమ్మలాగ ముందే లేచి వచ్చేద్దామా అని నిన్న ఫోన్లో అడిగితే, ముందు టికెట్ సంగతి చూడనీ అన్నయ్యా, వెయిటింగ్ లిస్టు 43లో ఉన్నాది, కన్ఫర్మ్ అవ్వకపోతే జనరల్లో నిలబడైనా వస్తాను అన్నాడు.

ఇట్లు,
ఒక డాక్యుమెంట్ రైటరు,
విజయనగరం